రక్తం తాగేదెవరో ముందే తెలిసిన పాఠకుడు: 'కార్మిల్లా'ని ఇవాళ చదవడమంటే

వెన్నెల రాత్రి. అడవి మధ్య ఒక కోట. దాని ముందున్న దారిలో గుర్రపు బండి అదుపు తప్పి బోల్తా పడుతుంది. స్పృహ లేని ఓ అమ్మాయిని అందులోంచి దించుతారు. తల్లినని చెప్పుకున్న ఆవిడ, ప్రాణం మీదికొచ్చిన పని ఉందనీ, మూడు నెలల్లో తిరిగొస్తాననీ చెప్పి, కూతుర్ని ఆ ఇంటివాళ్ల చేతుల్లో పెట్టి వెళ్లిపోతుంది. ఆ అమ్మాయి మధ్యాహ్నం ఒంటిగంట దాటితే గానీ గదిలోంచి బయటికి రాదు. వచ్చాక కప్పు చాక్లెట్ తాగుతుంది, అంతే. ఇంటిపేరు చెప్పదు, ఊరు చెప్పదు. రాత్రయితే లోపలినుంచి తాళం వేసుకుంటుంది. ఆమె వచ్చిన దగ్గర్నుంచీ చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు చనిపోతుంటారు.

ఇక్కడికొచ్చేసరికి మనకి చిరాకు మొదలవుతుంది. "ఇంకా తెలియలేదా మీకు?" అని కోటలో వాళ్ల మీద అరవాలనిపిస్తుంది.

ఐరిష్ రచయిత జోసెఫ్ షెరిడన్ లె ఫాను రాసిన 'కార్మిల్లా' ఇది. 1871 డిసెంబర్ నుంచి 1872 మార్చి దాకా 'ది డార్క్ బ్లూ' అనే పత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1872లోనే 'ఇన్ ఎ గ్లాస్ డార్క్‌లీ' అనే సంపుటిలో చేరింది. బ్రామ్ స్టోకర్ 'డ్రాకులా' 1897లో వచ్చింది కాబట్టి, దానికిది పాతికేళ్లు పెద్ద. పదహారు చిన్న అధ్యాయాలు. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. సరదాగా మొదలుపెట్టినవాళ్లు సగంలో కొన్ని ప్రశ్నల దగ్గర ఆగిపోతుంటారు. గుట్టు ముందే తెలిసిపోతే చదవడానికి ఏం మిగిలింది? ఇది ఇద్దరమ్మాయిల ప్రేమకథా, అలాంటి ప్రేమని చూసి జడుసుకున్న కాలం రాసుకున్న కథా? నల్లజాతి మనిషి గురించి అందులో ఉన్న ఆ వర్ణనని ఏం చేసుకోవాలి?

గోథిక్ అంటే కోట ఒక్కటే కాదు

'గోథిక్' అనే మాట భవన నిర్మాణ శైలి నుంచి సాహిత్యంలోకి వచ్చింది. హొరేస్ వాల్‌పోల్ 1764లో 'ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో' రాసి, మరుసటేడు రెండో ముద్రణకి 'గోథిక్ కథ' అని తగిలించాడు. పాడుబడ్డ కోట, బూజు పట్టిన వంశచరిత్ర, గోడ మీద పాత చిత్తరువు, చీకటి, ఒంటరి ఆడపిల్ల. ఈ సరంజామా అంతా అక్కణ్ణుంచే. సరంజామా వెనక ఉండే ఆలోచన మాత్రం ఒకటే: చచ్చిపోయిందనుకున్న గతం చావలేదు. తాతలు చేసిన పాపం మనవల ఇంటి తలుపు తడుతుంది.

'కార్మిల్లా'లో ఇది అక్షరాలా జరుగుతుంది. కథ చెప్పే లారా అప్పటికి పంతొమ్మిదేళ్ల పిల్ల. తండ్రి ఇంగ్లీషువాడు, ఆస్ట్రియా కొలువులో పనిచేసి రిటైరై, స్టీరియా ప్రాంతంలో చవగ్గా వచ్చిందని ఒక కోట కొన్నాడు. తల్లి లారా పసితనంలోనే పోయింది. ఆ తల్లి వైపు పూర్వీకులే కార్న్‌స్టైన్ వంశం. మూడు మైళ్ల అవతల ఆ వంశం పేరుతో పైకప్పు కూలిన చర్చీ, సమాధులూ, మనుషుల్లేని ఊరూ ఉన్నాయి. ఇంట్లో పాత పటాలు శుభ్రం చేయిస్తే 1698 నాటి కౌంటెస్ మిర్కల్లా కార్న్‌స్టైన్ బొమ్మ బయటపడుతుంది. అచ్చం కార్మిల్లాయే, మెడ మీద పుట్టుమచ్చతో సహా. లారాకి భయం వెయ్యదు. ముచ్చటపడి ఆ పటాన్ని తన గదిలో పెట్టుకుంటానంటుంది. తల్లి లేని పిల్ల దగ్గరికి తల్లి వంశం నుంచే ఒకతి వచ్చిందన్న సంగతి గుర్తుంచుకుంటే, ఈ కథ మామూలు దెయ్యం కథగా చదవడం కష్టం.

బేతాళుడు వ్యాంపైర్ కాదు

తెలుగువాడికి ఇక్కడ ఒక చిక్కు. 'వ్యాంపైర్' అనగానే రక్తపిశాచి అంటాం, లోలోపల మాత్రం చెట్టుకి వేలాడే శవం గుర్తొస్తుంది. ఈ కలగాపులగంలో తప్పు మనదొక్కళ్లదే కాదు. 1870లో, అంటే 'కార్మిల్లా' మొదలవడానికి సుమారు ఏడాది ముందు, రిచర్డ్ బర్టన్ మన బేతాళ కథల్ని ఇంగ్లీషులో తిరగరాసి 'విక్రమ్ అండ్ ది వ్యాంపైర్' అని పేరు పెట్టాడు. అమ్ముడుపోవాలంటే తెలిసిన పేరు కావాలి మరి. బేతాళుడు శవంలో కాపురముంటాడు, కథ చెబుతాడు, చిక్కుప్రశ్న వేస్తాడు. రక్తంతో అతనికి పని లేదు. యూరప్ వ్యాంపైర్ తన సొంత శవంలోనే ఉంటుంది, బతికున్నవాళ్ల రక్తంతో ఆ శవాన్ని పాడవకుండా కాపాడుకుంటుంది.

పైగా మనం సినిమాల నుంచి మోసుకొచ్చే సామాను కూడా కొంత దింపుకోవాలి. అద్దంలో కనపడకపోవడం, గబ్బిలంగా మారడం, వెల్లుల్లి దండలు, ఇవన్నీ జనంలో స్థిరపడింది 'డ్రాకులా'తో. ఎండ తగిలితే కాలిపోవడం ఇంకా తర్వాతది, 1922 నాటి జర్మన్ మూకీ చిత్రం 'నోస్ఫెరాటు'ది. కార్మిల్లా పట్టపగలు లారాతో షికారుకెళుతుంది. కాకపోతే కాస్త నడిచేసరికి అలసిపోతుంది. రాత్రిపూట మసి నలుపు పిల్లిలా వస్తుంది, నాలుగైదు అడుగుల పొడుగున్న పిల్లి. కాటు మెడ పక్కన ఉండదు, గొంతుకి కాస్త కింద, రొమ్ము మీద. రెండు సూదులు ఒకేసారి దిగినట్టు. ఆమెకి ఇంకో వింత నియమం కూడా ఉంది: పేరు మార్చుకోవచ్చు గానీ అక్షరాలు మార్చకూడదు. కార్మిల్లా, మిర్కల్లా, మిలార్కా, రోమన్ లిపిలో రాస్తే మూడిట్లోనూ అవే ఎనిమిది అక్షరాలు. తెలుగు లిపిలో రాసేసరికి ఈ కిటుకు కాస్తా పోతుంది.

సర్కారీ కాగితాల్లో పుట్టిన పిశాచి

వ్యాంపైర్ ముసలమ్మల కథల్లోంచి నేరుగా నవలల్లోకి దూకిందనుకుంటాం. మధ్యలో ఒక గవర్నమెంటు ఆఫీసు ఉంది.

1718 తర్వాత ఉత్తర సెర్బియా కొంతకాలం ఆస్ట్రియా పాలనలోకి వచ్చింది. 1725లో కిసిలోవా అనే ఊళ్లో పీటర్ బ్లాగొయెవిచ్ అనే రైతు చనిపోయాక వరసగా చావులు జరిగాయి. ఊరివాళ్లు సమాధి తవ్వాల్సిందేనన్నారు. స్థానిక ఆస్ట్రియన్ అధికారి దగ్గరుండి చూసి పైకి నివేదిక పంపాడు. కొన్నేళ్లకి మెద్వేజా అనే ఊళ్లో ఆర్నాల్డ్ పావొలే కేసు. ఈసారి సైనిక వైద్యులే వెళ్లి శవాల్ని పరిశీలించి, 1732 జనవరిలో సంతకాలతో రిపోర్టు రాశారు. ఆ ఏడాదే ఈ వార్త లండన్ పత్రికల దాకా పాకి, 'వ్యాంపైర్' అనే మాట ఇంగ్లీషు పాఠకులకి పరిచయమైంది.

ఆ డాక్టర్లు అబద్ధాలు రాయలేదు. నోటి దగ్గర రక్తం, ఉబ్బిన ఒళ్లు, కొత్తగా మొలిచినట్టున్న చర్మం, గోళ్లు, ఇవన్నీ నిజంగానే చూశారు. శవం కుళ్లేటప్పుడు లోపల వాయువులు పుట్టి ఒళ్లు ఉబ్బుతుంది. బక్కపల్చటి మనిషి చచ్చాక బలిసినట్టు కనపడతాడు. ఆ ఒత్తిడికి నల్లెరుపు ద్రవం నోట్లోంచి, ముక్కులోంచి బయటికొస్తుంది. పైచర్మం, గోళ్లు ఊడిపోతే కింది పొర లేతగా మెరుస్తుంది. మేకు దిగ్గొట్టినప్పుడు వాయువు ఒక్కసారి గొంతులోంచి తన్నుకొస్తే మూలుగులా వినిపిస్తుంది. చలినేలలో ఇదంతా నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి వారాల తర్వాత తవ్వినా శవం 'తాజాగా' ఉంటుంది. చూసింది నిజం, చెప్పుకున్న కారణం తప్పు.

చివరికి 1755లో ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా, తన వైద్యుడు గెరార్డ్ వాన్ స్వీటెన్ ఇచ్చిన నివేదిక చూసి, పిశాచాల పేరుతో శవాల్ని తవ్వి శిక్షించడాన్ని నిషేధించింది.

ఇప్పుడు 'కార్మిల్లా' ముగింపు చూడండి. సమాధి తెరుస్తారు. ఇద్దరు వైద్యులు సాక్షులు. నూట యాభై ఏళ్లనాటి శవం, మొహంలో వెచ్చని రంగు, కళ్లు తెరిచి ఉన్నాయి, పలచగా ఊపిరి ఆడుతోంది, గుండె కొట్టుకుంటోంది. సీసపు శవపేటికలో ఏడంగుళాల లోతు రక్తం. గుండెలో మేకు, తల నరకడం, కట్టెల మీద కాల్చడం, బూడిద ఏట్లో కలపడం. అన్నీ పద్ధతి ప్రకారం, 'ఇంపీరియల్ కమిషన్' రిపోర్టు, సంతకాలతో సహా. పటం మీది 1698కి నూట యాభై కలిపి చూస్తే కథాకాలం దాదాపు పంతొమ్మిదో శతాబ్ది మధ్యకొస్తుంది. అంటే మహారాణి నిషేధించిన పనినే, వందేళ్ల తర్వాత, ఆమె సామ్రాజ్యం పేరుతోనే చేయించాడు లె ఫాను. కావాలని చేశాడో లెక్క చూసుకోలేదో గానీ, చదివేవాడికి మాత్రం వెన్ను జలదరించేది ఆ రక్తం కన్నా ఆ సంతకాలే.

అందరికీ తెలుసు, ఆ పిల్లకి తప్ప

ఇక మొదటి ప్రశ్న. గుట్టు ముందే తెలిస్తే ఏం మిగిలింది?

1872 పాఠకుడికి కూడా ఇదేమంత గుట్టు కాదు. ఆరో అధ్యాయం దాటేలోపు లె ఫాను అన్ని ఆధారాలూ బయటపెట్టేస్తాడు. తాయెత్తులమ్మే గూనివాడు కోట ముందుకొచ్చి, కిటికీలో ఉన్న కార్మిల్లా పన్ను సూదిలా ఉందనీ, ఆకురాయితో అరగదీసి పెడతాననీ అందరి ముందూ అంటాడు. ఆమె కోపంతో ఊగిపోతుంది. అంతకుముందే ఓ పల్లెపిల్ల శవయాత్రలో పాట వినలేక చెవులు మూసుకుని వణికిపోతుంది. ఇంతకన్నా ఏం చెప్పాలి?

ఉత్కంఠ వేరేచోట ఉంది. కార్మిల్లా ఎవరన్నది కాదు, ఎవరెవరికి తెలుసు, లారాకి ఎందుకు చెప్పడం లేదు అన్నది. ఒక్క ఘట్టం దగ్గరగా చూద్దాం.

లారా నీరసించిపోతోంది. తండ్రి డాక్టర్ని పిలిపిస్తాడు. డాక్టర్ అంతా విని గంభీరంగా మారిపోతాడు. గొంతు కింద సూదులు దిగినట్టనిపించిన చోటు చూపించమంటాడు. లారా బట్ట కొంచెం కిందికి దించుతుంది. తండ్రి మొహం పాలిపోతుంది, "దేవుడా, నిజమే!" అంటాడు. ఏమిటది అని లారా అడుగుతుంది. ఏం లేదమ్మా, చిటికెన వేలి కొసంత నీలం మచ్చ, అంటాడు డాక్టర్. తర్వాత ఆమె పెంపకం చూసే మేడమ్ పెరొడాన్‌ని పిలిచి, ఈ పిల్లని ఒక్క క్షణం ఒంటరిగా వదలొద్దంటాడు. ఆపై మగవాళ్లిద్దరూ దారి వెంట అటూ ఇటూ నడుస్తూ తగ్గు గొంతుతో చాలాసేపు మాట్లాడుకుంటారు. లారా కిటికీలోంచి చూస్తుంటుంది. తిరిగొచ్చిన తండ్రిని డాక్టర్ ఏమన్నాడని అడిగితే, ప్రశ్నలతో నన్ను విసిగించకు అంటాడు. అంత చిరాగ్గా ఆయన మాట్లాడ్డం తానెప్పుడూ చూడలేదని లారా రాస్తుంది.

ఒళ్లు ఆమెది. మచ్చ ఆమె ఒంటి మీద. రోగం పేరు మాత్రం ఆమెకి చెప్పరు. వేరే ఏ ఘట్టమూ నాకు ఇంత ఇవాళ్టిదిగా అనిపించలేదు. రిపోర్టు చేతికొచ్చాక ఇంటి మగవాళ్లని పక్కకి పిలిచి మాట్లాడే డాక్టర్ని చూడని ఇల్లు మన దగ్గర ఎక్కడుంది?

వెనక్కి వెళితే ఇదే పద్ధతి మొదటి నుంచీ కనపడుతుంది. ఆరేళ్లప్పుడు లారాకి రాత్రి ఎవరో అమ్మాయి పక్కన పడుకుని గుండెలో సూదులు గుచ్చినట్టవుతుంది. దాదులు మంచం తడిమి చూస్తే పక్కన ఎవరో పడుకున్నచోటు ఇంకా వెచ్చగా ఉంటుంది. పిల్లకి మాత్రం కలే అని చెబుతారు. కథకి ముందుమాటలో సంపాదకుడు, హెసీలియస్ అనే డాక్టర్ ఈ కేసు మీద లోతైన వ్యాఖ్య రాశాడంటూనే, సామాన్య పాఠకులకి అది అక్కర్లేదని దాన్ని మనకివ్వడు. ఆఖరికి మేకు దిగ్గొట్టిన చోట లారా లేనే లేదు. తండ్రి దగ్గరున్న రిపోర్టు నకలు చూసి రాశానంటుంది. తన జీవితంలో అతి పెద్ద ఘటనకి ఆమె కూడా కాగితం మీది పాఠకురాలే.

బేతాళుడు గుర్తొస్తాడిక్కడ. తెలిసీ చెప్పకపోయావో నీ తల పగిలిపోతుంది అంటాడతను. ఈ కథలో తెలిసీ చెప్పనివాళ్ల తలలు భద్రంగానే ఉంటాయి.

ప్రేమా, ప్రేమలాంటిదా

రెండో ప్రశ్న మీద విమర్శకులు దశాబ్దాలుగా తగవులాడుకుంటున్నారు. కార్మిల్లా లారాని దగ్గరికి లాక్కుని, నువ్వు నాదానివి, మనిద్దరం ఎప్పటికీ ఒకటే అంటుంది. బుగ్గల మీద ముద్దులు. లారాకి అది ఇబ్బంది, అయినా ఆకర్షణ. ఇష్టం ఆరాధనగా పెరుగుతోందనీ, దానితోపాటే ఏవగింపు కూడా ఉందనీ, దీన్ని ఎలా వివరించాలో తెలియదనీ రాస్తుంది. ఎవరో కుర్రాడు ప్రేమకోసం ఆడవేషంలో ఇంట్లోకి దూరాడేమో అని కూడా ఓ క్షణం అనుమానిస్తుంది పాపం. తన దగ్గరున్న కథల సామగ్రిలో ఆ అనుభవానికి సరిపడే అచ్చు అదొక్కటే.

ఒక వాదన: ఇది భయంతో రాసిన కథ. ఆడది ఆడదాన్ని కోరితే ఆ కోరికకి కోరలు తొడిగి, చివర్లో తండ్రి, పెంచుకున్న పిల్లని ఇలాగే పోగొట్టుకున్న జనరల్, పిశాచాల గుట్టు తెలిసిన బారన్, డాక్టర్లు, పూజారి కలిసి మేకు దిగ్గొట్టారు. మగవాళ్ల కమిటీ ఇంటిని శుద్ధి చేసింది. ముగింపు మాత్రమే చూస్తే దీన్ని కాదనడం కష్టం.

దానికి ఎదురు వాదన: మేకు దిగిన తర్వాత కూడా లారా గొంతులో విజయం లేదు. ఈ కథలో అందమైన మాటలన్నీ కార్మిల్లావే, జనరల్‌వి కావు. ఆ అనుభవానికి ఇంత చోటిచ్చిన ఇంగ్లీషు కథ ఆ కాలంలో వెతకాలి. అందుకే ఇవాళ చాలామంది దీన్ని తమ కథగా చదువుకుంటున్నారు.

మూడోది చరిత్ర చదివినవాళ్ల హెచ్చరిక. ఆ రోజుల్లో ఆడస్నేహితుల మధ్య ముద్దులు, గాఢమైన ఉత్తరాలు మామూలే. ఐర్లండ్ నుంచి 1778లో ఇల్లు వదిలి వచ్చి, వేల్స్‌లోని లాంగోలెన్‌లో అర్ధశతాబ్దం కలిసి బతికిన ఎలినార్ బట్లర్, సారా పాన్సన్‌బీలని చూడ్డానికి పెద్దపెద్దవాళ్లు వెళ్లేవాళ్లు. కాబట్టి ప్రతి ముద్దునీ ఇవాళ్టి నిఘంటువుతో చదవొద్దంటారు వీళ్లు. సబబే. కానీ ఈ ముద్దుల దగ్గర ఇబ్బందిపడుతున్నది మనం కాదు, 1872 నాటి లారాయే. ప్రేమికుడి ఉద్వేగంలా ఉంది అన్న పోలిక తెచ్చింది ఆమే. అందుకే ఈ మూడో వాదన నన్ను సగమే ఒప్పిస్తుంది.

వాదనలు పక్కనపెట్టి కథలోనే ఉన్న రెండు వివరాలు చూడండి. వ్యాంపైర్లు కొందరి మీద 'ప్రేమ ఉద్వేగాన్ని పోలిన' వ్యామోహంతో వెంటపడతాయని చివర్లో లారా వివరిస్తుంది. 'పోలిన' అన్న ఒక్క మాటలో తగవంతా ఉంది. రెండోది, కార్మిల్లా తన గతం గురించి చెప్పిన ముక్క: మొదటిసారి నాట్యసభకెళ్లిన రాత్రి తనని పడకలోనే దాదాపు చంపేశారనీ, రొమ్ము మీద గాయమైందనీ, అదొక క్రూరమైన, వింత ప్రేమ అనీ అంటుంది. ఆమె కూడా ఒకప్పుడు లారాయే. దీన్ని దాటి చాలామంది గబగబా వెళ్లిపోతారు, ఆగాల్సిన చోటు ఇదే.

స్టీరియా ముసుగులో ఐర్లండ్

లె ఫాను 1814లో డబ్లిన్‌లో పుట్టాడు, 1873లో అక్కడే పోయాడు. తండ్రి ప్రొటెస్టంట్ చర్చి అధికారి. క్యాథలిక్కులు ఎక్కువగా ఉన్న దేశంలో భూములూ అధికారం చేతిలో ఉన్న ఆంగ్లో-ఐరిష్ వర్గం వాళ్లది. ఆయన బతికుండగానే ఆ పట్టు సడలింది. ఐర్లండ్‌లో ప్రొటెస్టంట్ చర్చికి ప్రభుత్వ హోదా 1871 జనవరి 1తో పోయింది. ఆ డిసెంబర్‌లోనే 'కార్మిల్లా' మొదలైంది.

దీంతో చదివితే లారా ఇల్లు వేరేగా కనపడుతుంది. పరాయి గడ్డ మీద చవగ్గా కొన్న కోట. ఇంగ్లండ్ ఎప్పుడూ చూడకపోయినా ఇంగ్లీషు పేరు. మరచిపోకుండా ఉండాలని ఇంట్లో రోజూ ఇంగ్లీషు మాట్లాడతారు, తండ్రి పట్టుబట్టి టీ పెట్టిస్తాడు. (న్యూజెర్సీలో పిల్లల చేత ఇంట్లో తెలుగే మాట్లాడించాలని పంతం పట్టే తల్లిదండ్రులకి ఈ పేరా కొంచెం గుచ్చుకోవచ్చు.) ఆ నేల అసలు సొంతదారులు చచ్చి సమాధుల్లో ఉన్నారు. వాళ్లలో ఒకతి లేచి రక్తం అడుగుతోంది. ఈ చదువు బలమైనదే. అయితే అన్ని కథల్నీ రచయిత పుట్టిన ఊరికి కట్టేస్తే స్టీరియా ఒట్టి తెర అయిపోతుంది, ఆస్ట్రియన్ రిపోర్టుల చరిత్ర గాలికి పోతుంది.

రోగంగా చదివేవాళ్లూ ఉన్నారు. పాలిపోవడం, నీరసం, బుగ్గల మీద ఉండుండి ఎరుపు, ఒకరి తర్వాత ఒకరు పోవడం, ఇది క్షయ వర్ణనలా ఉందంటారు. క్షయకి కారణం క్రిమి అని రాబర్ట్ కోహ్ ప్రకటించింది 1882లో. అప్పటిదాకా ఇంట్లో మొదట పోయినవాళ్లే మిగతావాళ్లని లాక్కుపోతున్నారన్న భయాన్ని కొట్టిపారేసే గట్టి వివరణ లేదు.

బండిలో ఉండిపోయినామె, పేరు లేని పల్లెవాళ్లు

ఇక ఇబ్బంది పెట్టే చోటు. బండి బోల్తా పడ్డ రాత్రి, లోపల కూర్చుని కిటికీలోంచి చూస్తున్న తలపాగా చుట్టిన ఒక నల్లజాతి స్త్రీ గురించి ఇంట్లోవాళ్లు మాట్లాడుకుంటారు. వికారంగా ఉందనీ, తెల్లగుడ్లు తిప్పుతూ వెక్కిరింతగా నవ్విందనీ. అంతే. ఆమె మళ్లీ రాదు, ఎవరో తెలియదు. నల్లటి మొహం కనిపిస్తే చాలు పాఠకుడు జడుసుకుంటాడన్న నమ్మకం తప్ప ఆ వర్ణనకి వేరే పని లేదు. ఆనాటి పద్ధతి అంతే అని సర్దుకోవచ్చు, అసహ్యంతో పుస్తకం మూసేయొచ్చు. నేను రెండూ చెయ్యలేకపోయాను. ఆ చూపు ఎవరిదో గుర్తించడం మాత్రం చెయ్యొచ్చు: తమ ఇంటి ముందు దిగిన తెల్లటి అందగత్తెని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా లోపలికి తీసుకెళ్లి, బండిలో ఉన్న నల్ల మనిషిని చూసి ప్రమాదం అనుకున్న ఇల్లది. రచయిత ఉద్దేశం ఏదైనా, కథ వాళ్ల అంచనాని తలకిందులు చేసింది.

పల్లెవాళ్ల సంగతీ అంతే. లారాని మూడు నెలల పాటు మురిపించి మెల్లగా తాగాలనుకున్న కార్మిల్లా, పందుల కాపరి భార్యనీ, అడవి కాపలావాడి కూతుర్నీ రోజుల్లో ముగించేస్తుంది. కొందరి విషయంలో ప్రేమించినట్టు ఓపిక పడుతుందనీ, మిగతావాళ్ల దగ్గర ఆ తంతేమీ ఉండదనీ కథే చెబుతుంది. కాపలావాడి కూతురి శవయాత్ర చూసి కార్మిల్లా, ఆమె ఎవరో నాకు తెలియదు, రైతుల గురించి నేను బుర్ర పాడుచేసుకోను అంటుంది. కౌంటెస్ పోయి నూట యాభై ఏళ్లయినా జమీందారీ పోలేదన్నమాట. ఆమె సమాధి ఇన్నేళ్లు దొరక్కపోవడానికి కారణం కూడా ప్రేమే: ఒకప్పుడు ఆమెని ప్రేమించిన బారన్ పూర్వీకుడు, ఆ శవానికి మేకు దిగకూడదని సమాధి ఆనవాళ్లు చెరిపేశాడు. ఆ ప్రేమకి వడ్డీ కట్టింది పల్లెలు.

'ఆమె' అనాలా, 'అది' అనాలా

ఈ కథలో రెండు మూడు పేజీలు సరదాకి తెలుగులో పెట్టి చూశాను. పేర్లతో, చర్చి మాటలతో పెద్ద కష్టం రాలేదు. సర్వనామం దగ్గర ఇరుక్కుపోయాను. ఇంగ్లీషులో కార్మిల్లాని సూచించడానికి మొదటి నుంచి చివరిదాకా ఒకే మాట సరిపోతుంది. తెలుగులో అలా కుదరదు. పెంచుకున్న పిల్లని పోగొట్టుకున్న బాధలో గొడ్డలెత్తిన జనరల్ నోట 'అది' అనే వస్తుంది, ఇంకోటి రాదు. 'అది నా పిల్లని మింగింది.' లారా తండ్రి అతిథి కాబట్టి మొదట్లో 'ఆ అమ్మాయి' అంటాడు, చివరికి ఆయనా 'అది'లోకి దిగుతాడు.

మరి లారా? ఏం జరిగిందో తెలిశాక ఎనిమిదేళ్లకి రాస్తున్నానని మొదటి అధ్యాయంలో అంటుంది. నాలుగో అధ్యాయం వచ్చేసరికి పదేళ్లు దాటిందంటుంది, చెయ్యి వణుకుతోందంటుంది. లె ఫాను పొరపాటే కావచ్చు. రాయడం ఎక్కడో ఆపి, రెండేళ్లకి మళ్లీ అందుకుందని చదువుకోవడమే నాకిష్టం. ఆమె చేత 'ఆమె' అనిపిస్తే మరీ దూరంగా ఉంది. 'తను' అనిపిస్తే ఏమీ జరగనట్టుంది. 'అది' అనిపించి చూశాను. విచిత్రంగా అదే కుదిరింది. మనం పిశాచాన్నీ 'అది' అంటాం, ప్రాణస్నేహితురాల్నీ 'అది' అంటాం. 'అదొస్తే గానీ నాకు తోచదు' అన్నప్పుడు రాక్షసి అని అర్థం కాదుగా.

చివరి వాక్యం అలాగే రాసి వదిలేశాను. కమిషన్ రిపోర్టు అయిపోయింది, బూడిద ఏట్లో కలిసిపోయింది, ఇన్నేళ్లయింది. లారా ఏదో ఆలోచిస్తూ కూర్చుని ఉలిక్కిపడుతుంది. హాలు తలుపు దగ్గర అడుగుల చప్పుడు, తేలిగ్గా. అదే వచ్చినట్టుంది.